అభిమాన చిత్రకళ

అభిమాన చిత్రకళ అనగా ఒక సినిమా, నవల లేదా బొమ్మలకథలోని పాత్రలను వాటి అభిమానులు తమంతట తాముగా చిత్రించే కళ. దీనిని ఫ్యాన్ ఆర్ట్ అని కూడా అంటారు. నిర్మాతలు వేయించే ప్రచార చిత్రాలు దీని కిందికి రావు. కథలో చూపని గతాన్ని ఊహించి గీయడం ఈ కళలో ఒక ముఖ్యమైన శాఖ. ఇద్దరు వీరులు కథ మొదలయ్యేనాటికే మిత్రులో, శత్రువులో అయి ఉన్నప్పుడు, అంతకుముందు వారు కలిసి గడిపిన రోజులు ఎలా ఉండేవన్న ప్రశ్న నుండి ఈ చిత్రాలు పుడతాయి.

స్వరూపం

సూపర్‌హీరో చిత్రాలలో ఇటువంటి జంటలు చాలా ఉన్నాయి. కెప్టెన్ అమెరికా, అతని మిత్రుడు బకీ బార్న్స్ న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో కలిసి పెరిగినవారు. థోర్, లోకి అన్నదమ్ములుగా పెరిగినవారు. సినిమాలలో వీరి బాల్యానికి దక్కిన నిడివి స్వల్పం. ఆ ఖాళీని అభిమానులు తమ బొమ్మలతో పూరిస్తారు. ఒక్కొక్కసారి నిర్మాతలే ఈ పని చేస్తారు. ఎక్స్-మెన్ చిత్రాలలో ప్రత్యర్థులుగా కనిపించే చార్లెస్ జేవియర్, మాగ్నెటోల తొలినాటి స్నేహాన్ని 2011లో వచ్చిన "ఎక్స్-మెన్: ఫస్ట్ క్లాస్" 1962 నాటి కథగా చూపింది.

చూసేవారు పాత్రను వెంటనే గుర్తుపట్టాలి. అందుచేత చిత్రకారులు పాత్ర వయసును తగ్గించినా కనుబొమలు, జుట్టు, మచ్చ, ఆయుధం, ఆభరణం వంటి గుర్తులను నిలుపుతారు. దుస్తులను, పరిసరాలను కథాకాలానికి తగినట్లు మారుస్తారు. రాబోయే సంఘటనను సూచించే చిన్న వస్తువును బొమ్మలో ఉంచడం కూడా కద్దు.

తెలుగునాట పూర్వరూపాలు

తెలిసిన వీరులకు తెలియని గతాన్ని కల్పించడం తెలుగువారికి కొత్త కాదు. వ్యాస భారతంలో శశిరేఖ లేదు, అభిమన్యుడు వివాహమాడినది ఉత్తరను. అయినా శశిరేఖా పరిణయం కథ జనంలో స్థిరపడింది. 1957లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో విడుదలైన మాయాబజార్‌కు ఇదే ఆధారం. శశిరేఖాభిమన్యుల చిన్ననాటి చెలిమిని కూడా ఆ సినిమా చూపుతుంది.

చిత్రకళలో దీనికి దగ్గరి రూపం తెలంగాణలోని పటం కథ. చేర్యాలకు చెందిన నకాషీ చిత్రకారులు పొడవైన గుడ్డపై వరుస బొమ్మలుగా కులపురాణాలను గీస్తారు. కథకులు పటాన్ని విప్పుతూ కథ చెబుతారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని కూనపులివారు, మాదిగలకు జాంబ పురాణాన్ని డక్కలివారు వినిపిస్తారు. సిరిసిల్ల వంటి నేత పట్టణాలలో పద్మశాలీలు తమ మూలపురుషునిగా భావించే భావనారుషి ఈ పటంలో దేవతలతో కలిసి కనిపిస్తాడు. అయితే పటం కథ తరతరాల విశ్వాసానికి, కులవృత్తికి సంబంధించినది. అభిమాన చిత్రం మాత్రం ఒక వ్యక్తి ఇష్టం కొద్దీ గీసుకున్నది.

బాహుబలి

ఎస్.ఎస్.రాజమౌళి దర్శకత్వం వహించిన బాహుబలి మొదటి భాగం 2015లో, రెండవ భాగం 2017లో విడుదలయ్యాయి. అమరేంద్ర బాహుబలి, భల్లాలదేవుడు శివగామి పెంపకంలో ఒకే కోటలో పెరిగి, చివరకు ఒకరు మరొకరి మరణానికి కారకులవుతారు. వారు కలిసి పెరిగిన కాలం తెరపై కొద్ది దృశ్యాలలోనే ముగుస్తుంది. ఈ లోటును తీర్చే అధికారిక రచనలు కూడా వచ్చాయి. ఆనంద్ నీలకంఠన్ ఆంగ్లంలో రాసిన "ది రైజ్ ఆఫ్ శివగామి" నవల 2017లో వెలువడింది. ఇద్దరు రాకుమారుల యౌవనం ఇతివృత్తంగా "బాహుబలి: ది లాస్ట్ లెజెండ్స్" అనే యానిమేషన్ ధారావాహిక అదే సంవత్సరం మొదలైంది.

ఆర్ఆర్ఆర్

2022 మార్చి 25న విడుదలైన ఆర్ఆర్ఆర్ చిత్రాన్ని ఇద్దరు చారిత్రక వీరులపై అల్లిన ఊహాగతం అనవచ్చు. అల్లూరి సీతారామరాజు 1922-24 నాటి మన్యం తిరుగుబాటును నడిపి, 1924 మే 7న బ్రిటిషు వారి చేతిలో మరణించాడు. ఆసిఫాబాదు ప్రాంతపు గోండు నాయకుడు కొమరం భీమ్ నిజాం ప్రభుత్వంతో పోరాడి 1940లో జోడేఘాట్ వద్ద మరణించాడు. వీరిద్దరూ కలిసినట్లు ఆధారాలు లేవు. ఇద్దరూ కొంతకాలం స్వస్థలాలకు దూరంగా గడిపారన్న అంశమే ఈ కల్పనకు బీజం. 1920లలో ఢిల్లీలో వారు కలిసి ఉంటే ఎలా ఉండేదన్నది ఈ చిత్ర కథ.

2022 అక్టోబరు 21న ఈ చిత్రం జపానులో విడుదలై విశేష ఆదరణ పొందింది. అభిమానులు స్వయంగా బొమ్మలకథలు గీసి, అచ్చువేసుకునే సంప్రదాయం అక్కడ బలంగా ఉంది. ఇటువంటి పుస్తకాలకు వేదికైన కామిక్ మార్కెట్ 1975లో ప్రారంభమైంది. 2024 జనవరిలో టకరాజుకా నాటక బృందం ఆర్ఆర్ఆర్‌ను రంగస్థలంపై ప్రదర్శించింది.

చరిత్ర, కల్పన

మహిష్మతి కల్పిత రాజ్యం కనుక బాహుబలి బాల్యాన్ని ఎలా గీసినా చరిత్రకు నష్టం లేదు. కొమరం భీమ్ విషయం అటువంటిది కాదు. ఆయన వారసులు, ఆయనను ఆరాధించే ఆదివాసులు నేటికీ ఉన్నారు. 2020 అక్టోబరులో విడుదలైన ప్రచార దృశ్యంలో భీమ్ ముస్లిం టోపీతో కనిపించాడు. దీనిపై నాటి ఆదిలాబాదు లోక్‌సభ సభ్యుడు సోయం బాపూరావు అభ్యంతరం తెలిపాడు. కథలో అది మారువేషం. సినిమాలో భీమ్ ప్రధానంగా బ్రిటిషు వారితో పోరాడతాడు. అడవిపై, పోడు భూమిపై హక్కుల కోసం నిజాం పాలనతో ఆయన చేసిన అసలు పోరాటం తెర వెలుపలే ఉండిపోయింది. సినిమా చూసి బొమ్మ గీసే దూరదేశపు అభిమానికి ఈ తేడా తెలిసే అవకాశం తక్కువ. అందువలన చారిత్రక వ్యక్తులను చిత్రించేటప్పుడు బొమ్మ కింద "ఇది కల్పన" అని పేర్కొనడం మంచి పద్ధతి.

కాపీహక్కులు

భారతదేశంలో ఈ విషయానికి 1957 నాటి కాపీహక్కుల చట్టం వర్తిస్తుంది. సినిమాపై హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు ఉంటుంది. చట్టంలోని 52వ సెక్షను సొంత వినియోగానికి, విమర్శకు, సమీక్షకు న్యాయమైన మేరకు మినహాయింపు ఇస్తుంది. సినిమాకే ప్రత్యేకమైన పాత్రల రూపాలను ముద్రించి అమ్మదలచినవారు హక్కుదారుల అనుమతి పొందడం మేలు. చారిత్రక వాస్తవాలపై ఎవరికీ కాపీహక్కు ఉండదు. కొమరం భీమ్ బొమ్మను ఎవరైనా గీయవచ్చు, కాని ఆర్ఆర్ఆర్‌లోని భీమ్ వేషం, సన్నివేశాలు ఆ సినిమాకు చెందుతాయి.

ఇవి కూడా చూడండి
* చేర్యాల నకాషీ చిత్రకళ
* కొమరం భీమ్
* అల్లూరి సీతారామరాజు
* మాయాబజార్