ఓరుగల్లు రాజు - ఓడ విరిగిన నావికులు

మన ఓరుగల్లుకు సముద్రము లేదు. అయినా ఓడ పగిలి ఒడ్డున పడినవారి గతి ఏమి కావలెనన్న ప్రశ్నకు సుమారు 780 ఏండ్ల క్రితం జవాబు చెప్పిన రాజు ఈ కోటనుండే ఏలినాడు. మన సభ్యులలో చాలామందికి ఈ సంగతి తెలియదేమోనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

బాపట్ల జిల్లా తీరాన మోటుపల్లి అనే గ్రామమున్నది. అక్కడి వీరభద్రాలయ స్తంభముపై కాకతి గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయశాసనము కలదు. గాలివానకు చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సమస్తము పూర్వపు రాజులు బలవంతముగా తీసుకొనేవారట. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించి, నిర్ణయించిన సుంకము తప్ప మరేమీ ముట్టనని మాట ఇచ్చాడు. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకము 30వ వంతు. దయచేతను, కీర్తి కొరకును ఇట్లు చేస్తున్నానని రాజే చెప్పుకున్నాడు. కీర్తి మాట దాచకపోవడము మాకు నచ్చింది. రేవు బాగుపడితే ఖజానాకూ లాభమే గదా!

ప్రాణముకంటె ధనమే ఎక్కువని తలచి సముద్రయానానికి సాహసించినవారని శాసనము వర్తకులనుగూర్చి అంటుంది. షావుకార్ల సంగతి అట్లే కావచ్చును. మరి చుక్కాని పట్టినవాడు, తెరచాప తాడు లాగినవాడు? కూలికి వచ్చిన వారి మాట రాతిమీద లేదు. దానికి మునిగిన ఓడలనే అడగాలి.

1974లో చీనా దేశములోని చువాన్‌జౌ రేవు బురదలోనుండి ఒక ఓడను త్రవ్వి తీశారు. అందులోని నాణెములనుబట్టి అది 1271 తరువాత మునిగినదని తేల్చారు. అంటే మన రుద్రమదేవి కాలమే. మిగిలిన భాగమే 24 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. ఒకచోట చిల్లుపడినా ఓడంతా నీరు నిండకుండా లోపల 13 అరలు కట్టారు. సరకులో రెండువేల కిలోలకు పైగా సుగంధపు చెక్క, దానితో మిరియాలు, వక్కలు! మోటుపల్లి స్తంభముమీది సుంకాల పట్టీలోనూ మిరియాలు, వక్కలు ఉన్నాయి.

అన్నిటికంటె మమ్ము ఆకట్టుకొన్నవి మూటలకు కట్టిన చెక్క చీటీలు. 90కి పైగా దొరికాయి. పలు చీటీలపై మనుష్యుల పేర్లున్నాయి. ఆ సరకంతా ఒక్కరి సొత్తు కాదన్నమాట. ఓడలో ఒక్కొక్క వర్తకునికి కొన్ని అడుగుల చోటే ఇస్తారని, అతడు సరకు క్రిందపెట్టి రాత్రి దానిమీదనే పడుకొంటాడని 1119 నాటి చీనా రచయిత జూ యూ వ్రాశాడు. అటువంటి ఓడ ఒడ్డున పడితే రాజభటులు లాగుకొనేది ఒక షావుకారు సొమ్ము కాదు, ఎందరి పరుపులో! అదే ఓడలో చదరంగపు పావులు ఇరవై దాకా దొరికాయి. గాలి లేక తెరచాప వేలాడిన దినాల్లో ఇంకేమి చేస్తారు?

1545లో మునిగి 1982లో పైకి తీయబడిన ఇంగ్లండు యుద్ధనౌక మేరీ రోజ్ సంగతీ అంతే. పేల దువ్వెనలు, చెప్పులు, పాచికలు, ప్రార్థన పూసలు దొరికాయి. తిండి తినే చెక్క గిన్నెలపై, ఇది నాది అని తెలియుటకు, గీతలతో గుర్తులు చెక్కుకొన్నారు.

పౌలు ప్రయాణించిన ఓడ మెలితే ద్వీపాన పగిలిన వృత్తాంతము మన పాఠకులకు కొత్త కాదు. 276 మందీ ఒడ్డెక్కారు. ఆ ఓడవారు గోధుమలను ముందే సముద్రములో పారబోశారు గనుక లాగుకొనుటకు ఎవరికీ ఏమీ మిగలలేదు.

గణపతిదేవుని మాటతో కథ ముగియలేదు. రాజ్యము మారింది. 1358లో అదే మోటుపల్లిలో అనపోతారెడ్డి వర్తకులకు మరల అభయమిస్తూ శాసనము వేయించవలసి వచ్చింది. ఆ రేవులో నేడు ఓడలు లేవు. అక్కడ దొరికిన చీనా పింగాణి పెంకులు మాత్రము ఒకప్పుడు వచ్చిపోయిన వారి జాడ చెబుతున్నాయి.