అమ్మమ్మ మీద పడ్డ నింద

నంద్యాలలో మా అమ్మమ్మగారింట్లో, నడవలో ఒక గోడగడియారం ఉండేది. వారానికోసారి దానికి కీ ఇవ్వడం అమ్మమ్మ పని. సంక్రాంతి రోజుల్లో రేడియో టైముతో సరిగ్గా నడిచే ఆ గడియారం, ఎండలు ముదిరేసరికి వెనకబడేది. "కీ సరిగ్గా ఇస్తే కదా!" అని తాతయ్య విసుక్కునేవారు. అమ్మమ్మ మారుమాట్లాడేది కాదు. కొంగుతో అద్దం తుడిచి, ముల్లు ముందుకి జరిపేది.

ఆవిడ తప్పేమీ లేదని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. తప్పంతా రోళ్ళు పగలగొట్టే మా ఊరి రోహిణీ కార్తెది! ఆ గడియారం లోలకం కడ్డీ ఇత్తడిది. వేడికి లోహం సాగుతుంది. కడ్డీ పొడుగైతే ఊగడం నెమ్మదిస్తుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఇత్తడి కడ్డీ గడియారం రోజుకి సుమారు 8 సెకన్లు వెనకబడుతుంది. అంటే నెలకి 4 నిమిషాలు! కడ్డీ సాగేది వెంట్రుక మందమైనా ఉండదు, మాట పడేది మాత్రం మనిషి.

ఈ తంటా దొరలకీ తప్పలేదండోయ్. దేశాన్ని కొలుస్తూ వచ్చిన విలియం లాంబ్టన్ 1811లో మన గుత్తి దగ్గర ఆధారరేఖ కొలిచాడు. ఆయన కొలిచే ఉక్కు గొలుసు 100 అడుగులు. ఎండకి అది సాగితే లెక్కంతా తప్పుతుంది. అందుకని గొలుసుకి గుడారాల నీడ పట్టి, పక్కన ధర్మామీటర్లు పెట్టి, సాగినంత మేరా లెక్కకట్టి సరిచేసేవారు. అమ్మమ్మకి ధర్మామీటరు ఎవరిచ్చారు?

ఈ చిక్కు విప్పినవాడు గడియారాలవాళ్ళింట పుట్టిన స్విట్జర్లాండు మనిషి, షార్ల్ ఎదువార్ గియోం. పారిస్ దగ్గరి సెవ్ర్‌లో అంతర్జాతీయ తూనికలు, కొలతల కార్యాలయంలో పనిచేసేవాడు. కొలబద్దలకి వాడే ప్లాటినం మహా ఖరీదు. దాని బదులు చవకైన లోహం కోసం వెతుకుతూ, 1896లో ఇనుములో నూటికి 36 పాళ్ళు నికెల్ కలిపితే ఆ మిశ్రమం దాదాపు సాగదని కనిపెట్టాడు. మామూలు ఉక్కు సాగేదాంట్లో పదోవంతే! మారనిది అనే అర్థంలో దానికి 'ఇన్వార్' అని పేరొచ్చింది. 1920లో ఆయనకి నోబెల్ బహుమతీ వచ్చింది.

ఎందుకు సాగదంటారా? అక్కడే ఉంది తమాషా. ఇన్వార్ అయస్కాంతానికి అంటుకునే లోహం. ఆ అయస్కాంత గుణమే దాని అణువుల్ని కాస్త ఎడంగా నిలబెడుతుంది. వేడెక్కుతుంటే ఒకపక్క మామూలుగా సాగాలని చూస్తుంది, ఇంకోపక్క అయస్కాంత గుణం సడలి ముడుచుకోవాలని చూస్తుంది. రెండూ సరికి సరి! మరీ కాల్చి ఆ గుణం పోగొడితే మాత్రం ఇదీ అన్ని లోహాల్లాగే సాగుతుంది.

ఇదంతా మనకెందుకనకండి. కరెంటు ఇస్త్రీపెట్టె వేడెక్కగానే 'టిక్'మని ఆగుతుంది చూశారా, చాలా పెట్టెల్లో ఆ పని ఇలాంటి లోహానిదే. బాగా సాగే రేకునీ, సాగని నికెల్ ఇనుము రేకునీ కలిపి అతికిస్తారు. వేడికి ఒకటి సాగి, రెండోది సాగక, జంట రేకు వంగుతుంది. కరెంటు తెగుతుంది. పట్టుచీర బతికిపోతుంది!

ఇలాంటి ప్రత్యేక లోహాల కోసమే 1973లో హైదరాబాదులో మిశ్ర ధాతు నిగమ్ వెలిసింది. మిధాని అంటే అదే. తక్కువ సాగే మిశ్రమాలూ, అయస్కాంత మిశ్రమాలూ అక్కడ పోతపోస్తారు.

ఇప్పుడా గడియారం మా ఇంట్లో ఉంది. లోలకం గుండు కింద చిన్న మర ఉంటుంది. వేసవిలో దాన్ని రవ్వంత పైకి తిప్పితే గుండు పైకి జరిగి, టైము సర్దుకుంటుంది. ఈ చిన్న సంగతి అమ్మమ్మకి ఎవరూ చెప్పలేదు. తెలిసుంటే తాతయ్యకి జవాబు చెప్పేదో, ఎప్పటిలాగే అద్దం తుడుచుకునేదో!

మీ ఇంట్లో లోలకం గడియారం ఉండి, మే నెలలో వెనకబడితే, కీ ఇచ్చిన మనిషిని మాత్రం ఏమీ అనకండి.