ఉప్పు కాపాడలేని మాంసము

ఉప్పు వేసి ఊరబెట్టిన పదార్థము చెడదని మన పెద్దలే కాదు, పెక్కు దేశములవారు తరతరములుగ నమ్మియుండిరి. ఆ నమ్మకము చాలవరకు నిజమే. ఉప్పు పదార్థమునందలి తడిని పట్టుకొని సూక్ష్మజీవులకు నీరందకుండ చేయును. అంతట నవి పెరుగజాలవు. కాని పెరుగకుండుట వేఱు, చచ్చుట వేఱు. ఈ భేదమెంత ప్రాణాంతకమో 1895లో బెల్జియము దేశమందలి యొక చిన్న గ్రామమున తేటపడెను.

ఆ గ్రామము పేరు ఎల్జెల్. డిసెంబరు 14వ తేదీన నొక వృద్ధుని యంత్యక్రియలయందు బాకాలు మొదలగు వాద్యములు వాయించిన మేళమువారు, పని ముగిసిన పిదప పూటకూళ్లయింట భోజనమునకు కూర్చుండిరి. వడ్డించినది ఉప్పునీటిలో ఊరవేసిన పంది తొడమాంసము. దానిని వండలేదు, ఆ సీమలలో నట్లే తినుట వాడుక. మాంసము కుళ్లియుండలేదు. అయినను తినినవారికి కన్నులు మసకలు క్రమ్మెను. ఒక వస్తువు రెండుగ కనబడజొచ్చెను. ఱెప్పలు వ్రాలెను. గ్రుక్కెడు నీరైన మ్రింగుడుపడలేదు. తెలివి మాత్రము చెడలేదు. అదియే మిక్కిలి దయనీయము. ముగ్గురు మరణించిరి.

ఇట్టి వ్యాధిని జర్మనీలోని వుర్టెంబర్గు సీమయందు జస్టినస్ కెర్నర్ అను వైద్యుడు (ఆయన కవియు నగును) 1820, 1822 సంవత్సరములలోనే వర్ణించియుండెను. అచ్చట ప్రేగులలో కూరి నిలువచేసిన మాంసము జనులను చంపుచుండెను. అందొక విషమున్నదని యాయన గ్రహించెను గాని, సూక్ష్మజీవశాస్త్రమప్పటికి లేకుండుటచే దాని పుట్టుక తెలియలేదు.

ఘెంట్ నగర విశ్వవిద్యాలయాచార్యుడు వాన్ ఎర్మెంగెమ్ ఎల్జెల్ మాంసమును, మృతులలో నొకని ప్లీహమును పరీక్షించి, రెంటియందు నొకే జీవిని కనుగొని 1897లో ప్రకటించెను. నేడు దానిని క్లాస్ట్రిడియం బొటులినం అందురు. లాటిను భాషలో బొటులస్ అనగా ప్రేగులో కూరిన మాంసమే.

ఇందొక వింత గలదు. తొట్టి యడుగున ఉప్పునీట మునిగియున్న తొడయే విషమయమయ్యెను. అదే పంది రెండవ తొడ పైన నుండెను. దానిని తినినవారికేమియు కాలేదు. మునిగినదే చంపినది! ఏలయన, ఈ జీవి గాలి తగులని చోటనే వృద్ధిపొందును. ఉప్పునీరు గాలిని అడ్డగించెను గాని తానే దానిని అణచునంత చిక్కగ లేకపోయెను. మాంసపు తడిలో నూటికి పది పాళ్ల ఉప్పు చేరినగాని ఇది నిశ్చయముగ ఆగదు. పెద్ద తొడలో ఎముకదాక ఉప్పు దిగుటకు వారములు పట్టును.

మన ఆవకాయ జాడీని తలచి బెదరనక్కఱలేదు. అందు ఉప్పునకు మామిడి పులుపు తోడైనది. చాలినంత పులుపున్నచోట ఈ జీవి పెరుగదు. మాంసమునకు, చేపకు నా తోడు లేదు.

బొటులినం విషము బాగుగ ఉడికించిన నశించును. దాని బీజము మాత్రము గంటలకొలది మరిగినను చావకుండవచ్చును. పోనీ, పది పాళ్లకు మించి ఉప్పు వేసితిమందమా? స్టెఫైలోకాకస్ అను మఱియొక జీవి గలదు. మనుష్యుల ముక్కులలోను చేతులమీదను ఉండునది. అది నూటికి పదిహేను పాళ్ల ఉప్పునందు కూడ పెరుగగలదు. దాని విషము ఉడికించినను విఱుగదు.