గిట్ అలియాస్
గిట్ అలియాస్ అంటే వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ గిట్‌లో పొడవాటి ఆదేశానికి వాడేవారే పెట్టుకునే పొట్టి పేరు. లినక్స్ కెర్నల్ కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో గిట్‌ను రూపొందించారు.

ఏ ఫైళ్లు మారాయో చూపే ‘గిట్ స్టేటస్’ పని మధ్యలో పదేపదే కొట్టాల్సిందే. ‘గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ అలియాస్.ఎస్‌టీ స్టేటస్’ అని ఒక్కసారి ఇస్తే, ఆపైన ‘గిట్ ఎస్‌టీ’ చాలు. ఈ పేరు సాధారణంగా హోమ్ డైరెక్టరీలోని ‘.గిట్‌కాన్ఫిగ్’ ఫైల్‌లో ఒక వరుసగా చేరుతుంది. ఆ ఫైల్‌ను వెంట తీసుకెళ్తే కొత్త కంప్యూటర్‌లోనూ అవే పేర్లు పనిచేస్తాయి.

అన్నిటికన్నా అక్కరకొచ్చేది ‘అన్‌స్టేజ్’. కమిట్‌కు సిద్ధం చేసిన ఫైల్‌ను వెనక్కి తీసే ‘రీసెట్ హెడ్ --’కు పెట్టుకునే పేరిది. ఫైల్‌లో చేసిన మార్పులు చెక్కుచెదరవు.

అలియాస్‌కు ఇచ్చిన విలువ ఆశ్చర్యార్థక గుర్తుతో మొదలైతే గిట్ దాన్ని షెల్ ఆదేశంగా నడుపుతుంది. వాడుకలో ఉన్న సొంత ఆదేశాల పేర్లతో పెట్టిన అలియాస్‌లను మాత్రం పట్టించుకోదు. స్క్రిప్టులు తికమకపడకుండా ఈ కట్టడి.