లీటరుకి ఎంతిచ్చుద్ది?

మా నాన్నకి కారు చూపిస్తే ముందు అడిగే ప్రశ్న ఒకటే: "లీటరుకి ఎంతిచ్చుద్ది?" రంగు, ఎయిర్‌బ్యాగులు, టచ్ స్క్రీను అన్నీ ఆ తర్వాతే. అసలు తర్వాత కూడా అడగడు. నరసరావుపేటలో రిటైరై, కారెంపూడి దగ్గర పొలం చూసుకుంటున్న ఆయనకి ఒక సెకండ్ హ్యాండ్ కారు కొనాలని పోయిన సంవత్సరం అనుకున్నాం. "డీజిలే తీసుకోవాల" అన్నాడు. నేను హైదరాబాదులో కూర్చుని ఎక్సెల్ షీటు తెరిచి, డీజిల్ కాలం అయిపోయిందని నిరూపించడానికి సిద్ధమయ్యాను. ఆ వాదనలో ఎవరు గెలిచారన్నది చివర్లో చెప్తాను. అంతకంటే ముందు, పల్నాడులో ఒక మధ్యతరగతి మనిషికి డీజిల్ మీద ఇంత నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవాలనిపించింది.

ఈ కథ కారుతో మొదలవదు, పొలంలో మొదలవుద్ది. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకి నీళ్ళు వదిలారు. కుడి కాలువ అందిన ఊళ్ళ తలరాత మారింది. అందని మెట్టపొలాలకి బావి, దాని గట్టున ఆయిల్ ఇంజిను. మా తాతకి తెలిసిన మొదటి యంత్రం అదే. టకటకమంటూ నల్లటి పొగ వదిలే ఆ ఇంజిను రైతుకి రెండు పాఠాలు నేర్పింది. ఒకటి, డీజిల్ ఇంజిను మొండిది, తిట్టినా కొట్టినా పని చేస్తుంది. రెండు, దాని తిండి చవక. రుడాల్ఫ్ డీజిల్ కనిపెట్టిన ఈ రకం ఇంజిన్ని 1900 పారిస్ ప్రదర్శనలో వేరుశెనగ నూనెతో నడిపి చూపించారని చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా తాత వేరుశెనగ పండించి అమ్మి, ఆ డబ్బుతో డీజిల్ కొనేవాడు.

రోడ్డు మీదికి డీజిల్ మొదట లారీగా, బస్సుగా, తర్వాత జీపుగా వచ్చింది. డీజిల్ అంబాసిడర్ 1980 ప్రాంతంలో వచ్చింది గానీ, మా వైపు జనానికి దగ్గరైంది మహీంద్రా జీపే. పెళ్ళికీ, పురిటికీ, గుంటూరు ఆస్పత్రికీ అదే. కోటప్పకొండ తిరనాళ్ళకి మా బాబాయి జీపులో పద్నాలుగు మందిమి వెళ్ళిన సంగతి నాకు బాగా గుర్తు. నేను స్టెప్నీ టైరు మీద కూర్చున్నాను.

1994లో టాటా సుమో వచ్చింది. ఆ పేరు జపాను మల్లయోధులది కాదు, టాటా మోటార్స్‌ని నడిపిన సుమంత్ మూల్గావ్‌కర్ పేర్లలోని మొదటి అక్షరాలది. తెలుగువాళ్ళకి మాత్రం సుమో అంటే ఫ్యాక్షన్ సినిమాల్లో గాల్లోకి లేచే బండి. 1998 డిసెంబరులో టాటా ఇండికాని మార్కెట్లోకి తెచ్చింది. డీజిల్ ఇంజినున్న చిన్న కారు, అదీ మధ్యతరగతికి అందే ధరలో, అదే మొదలు. తొలి ఇండికాల మీద ఫిర్యాదులు చాలానే వచ్చాయి, 2001లో సరిదిద్ది వి2 తెచ్చారు. తర్వాత పదేళ్ళు ఏ ఊరి స్టాండు చూసినా తెల్ల ఇండికాలే.

అసలు మలుపు 2007. ఫియట్ రూపొందించిన 1,248 సీసీ కామన్ రైల్ ఇంజిన్ని మారుతి మానేసర్‌లో తయారుచేసి స్విఫ్ట్‌లో పెట్టింది. పాత డీజిల్ ఇంజిన్లో ఇంధనాన్ని ఒక యాంత్రిక పంపు తోసేది. కామన్ రైల్‌లో ఇంధనం విపరీతమైన ఒత్తిడితో ఒకే గొట్టంలో సిద్ధంగా ఉంటుంది, ఎంత, ఎప్పుడు చిమ్మాలో కంప్యూటరు చెప్తుంది. మోత తగ్గింది, పొగ తగ్గింది, లాగే శక్తి పెరిగింది. ఇదే ఇంజిను ఫియట్, టాటా కార్లలోకీ వెళ్ళి, చివరికి 'జాతీయ ఇంజిన్' అని ముద్దుపేరు తెచ్చుకుంది. కాకపోతే ఆయిల్ ఇంజిన్ని స్పానరుతో బాగుచేసిన మెకానిక్కి ఇప్పుడు ల్యాప్‌టాప్ కావాల్సొచ్చింది. మొండితనం పోయి సున్నితత్వం వచ్చింది. మా నాన్న తరం ఈ మార్పుని పట్టించుకోలేదు. ఎందుకంటే ధర ఇంకా వాళ్ళ వైపే ఉంది.

ఆ ధర వెనకున్నది రాజకీయం. 2010 జూన్‌లో కేంద్రం పెట్రోలు ధరని వదిలేసింది, డీజిల్‌ని వదల్లేదు. బస్సులు, లారీలు, రైతుల పంపుల కోసం ఇచ్చిన రాయితీ అది. 2012 మే నెలాఖరుకి ఢిల్లీలో పెట్రోలు రూ.73 దాటితే, డీజిల్ రూ.41 దగ్గరుంది. లీటరుకి పెట్రోలు కారు 17, డీజిల్ కారు 21 కిలోమీటర్లు ఇస్తాయనుకుంటే, కిలోమీటరుకి పెట్రోలు ఖర్చు రూ.4.30, డీజిల్ రూ.1.95. సగం కూడా కాదు! రైతు కోసం పెట్టిన రాయితీ కారు కొనుక్కోగలిగినవాళ్ళ ట్యాంకుల్లోకి కూడా పోయింది. డీజిల్ కార్ల మీద అదనంగా రూ.80,000 పన్ను వెయ్యమని 2010లోనే కిరీట్ పారిఖ్ కమిటీ చెప్పింది, వెయ్యలేదు. ఆ రోజుల్లో దేశంలో అమ్ముడైన కార్లలో దాదాపు సగం డీజిలువే.

2013 జనవరి నుంచి నెలనెలా కొంచెం కొంచెం పెంచి, 2014 అక్టోబరులో డీజిల్ ధరనీ వదిలేశారు. 2015లో హరిత ట్రిబ్యునల్ పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళు ఢిల్లీ ప్రాంతంలో తిరగకూడదంది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చింది, మారుతి డీజిల్ కార్లే మానేసింది.

ఇప్పుడు నా ఎక్సెల్ షీటు. మన రాష్ట్రంలో పెట్రోలు రూ.110, డీజిల్ రూ.97.50 అనుకుందాం. అదే మైలేజీతో కిలోమీటరుకి పెట్రోలు రూ.6.47, డీజిల్ రూ.4.64. మిగిలేది రూ.1.83. హైదరాబాదులో నేను రోజూ ఆఫీసుకి ఎనిమిది కిలోమీటర్లు పోయి వస్తాను, నెలకి నాలుగొందలు కూడా తిరగను. ఏడాదికి మిగిలేది తొమ్మిది వేల లోపే. ఒక్కసారి ఇంజెక్టర్లు పోతే కొన్నేళ్ళ మిగులు ఒక్క బిల్లులో పోతుంది. ఇదంతా నాన్నకి ఫోన్లో చెప్పాను.

"నువ్వు తిరిగేది చెప్తన్నావు. నేను తిరిగేది లెక్కెయ్" అన్నాడు.

వేశాను. వారానికి రెండుసార్లు కారెంపూడి పొలం, నెలకోసారి మాచర్లలో అత్త ఇల్లు, అమ్మకి గుంటూరులో డాక్టరు. నెలకి వెయ్యి కిలోమీటర్లు తేలింది. ఏడాదికి దాదాపు రూ.22,000 మిగులు. పైగా ఆగి ఆగి పోయే ఊరి ట్రాఫిక్ కాదు, ఒక వేగంతో సాగే రోడ్డు, డీజిల్ ఇంజిన్‌కి నచ్చే పని. ఆయన కారణాలు పాతవే, కానీ లెక్క ఇప్పటికీ నిలబడింది. నా దాంట్లో తప్పేమీ లేదు, కాకపోతే అది నా కారుకి సంబంధించిన లెక్క.

ఇక ఏ బండి? పదేళ్ళు నిండి ఢిల్లీ నుంచి ఎన్‌ఓసీతో వచ్చిన కార్లు చవగ్గా దొరుకుతున్నాయి. ఒకటి చూశాం. ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్. మిగిలిన ఆయుష్షు ఐదేళ్ళే. ఎవరు నడిపారో చెప్పేవాళ్ళు లేరు. ఓడోమీటరు 60,000 అంటోంది, బ్రేకు పెడలు రబ్బరు మాత్రం అరిగి నున్నగా ఉంది. నాన్న వద్దన్నాడు. ఇక్కడ ఆయనకి ఒక దెబ్బ గుర్తుంది. బాబాయి జీపు నాన్న పేరు మీదే ఉండేది. అమ్మినప్పుడు కాగితాలు మార్చలేదు. కొన్నాయన ఇంకొకరికి, ఆయన మరొకరికి. ఆరేళ్ళ తర్వాత ఎవర్నో గుద్దిన కేసులో కోర్టు నోటీసు మా ఇంటికొచ్చింది. ఆర్‌సీలో పేరున్నవాడే ఓనరని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది. మా ఇంట్లో ఆ సంగతి అంతకుముందే తెలుసు, రెండెకరాలు తాకట్టు పెట్టి మరీ తెలుసుకున్నాం.

చివరికి నరసరావుపేటలోనే ఒక రిటైర్డ్ మాస్టారి 2016 డీజిల్ డిజైర్ దొరికింది. ఒకే ఓనరు. ట్యాక్సీగా తిరిగి తెల్ల ప్లేటుకి మారింది కాదని ఆర్‌సీ చెప్పింది. బీఎస్-6కి ముందుది కాబట్టి కొత్త నిబంధనలతో వచ్చిన ఫిల్టర్ల గొడవ లేదు, 2031 దాకా కాగితం ఉంది. పొద్దున్నే, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు వెళ్ళి స్టార్ట్ చేశాం. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు, తెల్లపొగ ఆగకుండా వస్తే ఇంకా పెద్ద జబ్బు. రెండూ లేవు. ఆయిల్ మూత తీసి చూస్తే ఆవిరి తన్నలేదు. నేను ఫోన్లో చలాన్లు, ఫైనాన్సు బాకీ చూస్తుంటే, నాన్న మాస్టారి పక్కన అరుగు మీద కూర్చుని ఏ బంకులో కొట్టిస్తారు, ఆయిల్ ఎవరు మారుస్తారు, పిల్లలెక్కడున్నారు అని ముప్పావుగంట మాట్లాడాడు. నేను విసుక్కున్నాను. అది కూడా పరీక్షేనని తర్వాత అర్థమైంది. మాస్టారు లోపలికెళ్ళి తొమ్మిదేళ్ళ సర్వీసు బిల్లులు దారంతో కుట్టిన కట్ట తెచ్చి ఆయన చేతిలో పెట్టారు.

డబ్బిచ్చే ముందు ఫారం 29, 30 మీద సంతకాలు చేయించాం. ఆర్‌సీ మా పేరు మీదికి మారేదాకా నాన్న ఆ కారుని గేటు దాటనివ్వలేదు. మారిన రోజు సాయంత్రం అమ్మని ఎక్కించుకుని కోటప్పకొండ దాకా వెళ్ళొచ్చి ఫోన్ చేశాడు.

"ఎంతిచ్చింది?" అనడిగాను.

"ఇంకా చూళ్ళేదురా" అన్నాడు.