పొడిచేదెవరు, పొడిపించుకునేదెవరు?

సంతలో కొన్న రెండు పెట్టల్ని తెచ్చి పెరట్లో వదిలి చూడండి. పావుగంట తిరక్కుండానే పాత కోళ్లు వాటిని చుట్టుముడతాయి. జుట్టు పట్టి పొడుస్తాయి, ఈకలు పీకుతాయి, మేత దరిదాపులకు రానివ్వవు. కొత్త కోడిని ఇల్లు మరిగేదాకా గంప కింద కమ్మి ఉంచడం మన పల్లెల్లో ఉన్నదే. ఈ పొడుపుల వెనక ఒక లెక్క ఉందని తేల్చి చెప్పినవాడు మాత్రం నార్వే దేశస్థుడు.

అతని పేరు టోర్లైఫ్ షెల్డెరుప్-ఎబ్బె. 1894లో, ఇప్పుడు ఓస్లో అంటున్న నగరంలో పుట్టాడు. అమ్మానాన్నలిద్దరూ శిల్పులు. చిన్నప్పట్నుంచే అతనికి కోళ్ల పిచ్చి. ఏ పెట్ట ఏదో ముఖం చూసి చెప్పేవాడు. ఏది దేన్ని పొడిచింది, ఏది తల వంచుకుని పక్కకు తప్పుకుంది అన్నది ఏళ్ల తరబడి గమనించి రాసుకున్నాడు. ఆ పరిశీలనల్ని 1922లో ఒక జర్మన్ మనస్తత్వశాస్త్ర పత్రికలో అచ్చువేశాడు. ఇవాళ ఆఫీసు రాజకీయాల గురించి మాట్లాడేవాళ్లు కూడా వాడుతున్న ‘పెకింగ్ ఆర్డర్’, అంటే పొడుపుల వరస, అక్కడ పుట్టిందే.

అతను చెప్పింది ఇదీ. ఏ రెండు కోళ్లు ఎదురుపడినా వాటిలో ఒకటి పొడిచేది, రెండోది పొడిపించుకునేది. మొదటిసారి తలపడ్డప్పుడే ఆ సంగతి తేలిపోతుంది. ఆ తర్వాత చాలాసార్లు అసలు పోట్లాటే ఉండదు. పైది చూపు సారిస్తే చాలు, కిందిది మేత వదిలి జరుగుతుంది. పుంజుల వరస వేరు, పెట్టల వరస వేరు. అయితే ఈ వరస ప్రతిసారీ నిచ్చెనలా తిన్నగా ఉండదు. మొదటి పెట్ట రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని పొడుస్తుంటే, ఆ మూడోది వెళ్లి మొదటిదాన్ని పొడవడమూ అతని కంటపడింది.

నార్వే విశ్వవిద్యాలయాల్లో అతనికి నిలదొక్కుకునే చోటు దొరకలేదు. ఆ దేశపు తొలి మహిళా ప్రొఫెసర్ క్రిస్టీన్ బొనెవీ దగ్గర మొదట చనువుగా ఉన్నా తర్వాత ఇద్దరికీ చెడింది. 1935లో వెలువడ్డ ఒక పెద్ద సంకలనంలో రాస్తూ, సృష్టి అంతా పెత్తనం మీదే నడుస్తోందన్న నిర్ణయానికి వచ్చాడు. కోళ్ల గూటి నుంచి అంత దూరం వెళ్లాడు.

షికాగోలో వార్డర్ క్లైడ్ ఆలీ అనే జంతుశాస్త్రజ్ఞుడు అవే కోళ్లను మరో కంటితో చూశాడు. ఆయన శాంతివాదులైన క్వేకర్ల శాఖకు చెందినవాడు. జంతువులు కలిసి బతకడం వల్ల వాటికి ఒరిగేదేమిటన్నది ఆయన జీవితకాలపు ప్రశ్న. 1939లో ఆయన బృందం కింది వరసలో ఉన్న పెట్టలకు మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ సూదిమందు వేసింది. అవి ఎదురుతిరిగి పైకెక్కాయి. అసలు సంగతి 1944లో తేలింది. ఆలీ, ఆయన శిష్యుడు ఎ. ఎం. గుల్ కలిసి కొన్ని మందల్ని కదపకుండా ఉంచారు. మరికొన్నిటిలో కోళ్లను తరచూ మారుస్తూ పోయారు. కదపని మందల్లో పొడుపులు తక్కువ. ఆ కోళ్లు మేత ఎక్కువ తిన్నాయి, గుడ్లూ ఎక్కువ పెట్టాయి. అంటే వరస కుదరడమే తగువుకు విరుగుడు. మనం మందను కదిపినప్పుడల్లా ఆ తగువు మళ్లీ మొదటికొస్తుంది.

గుల్ తర్వాత కాన్సస్‌లో ఈ పని కొనసాగించాడు. కోళ్లు ఒకదాన్నొకటి ముఖ్యంగా తల, మెడ చూసి గుర్తుపడతాయని 1953లో చూపించాడు. జుట్టు, మెడ ఈకల రూపు మారిస్తే పాత కోడే కొత్తదైపోతుంది. రెండు మూడు వారాలు విడిగా ఉంచినా అంతే, దాన్ని మరిచిపోతాయి. మార్జొరీ డగ్లిస్ అనే పరిశోధకురాలు 1948లోనే ఇంకో వింత చూపింది. ఒకే పెట్టను వంతులవారీగా వేర్వేరు మందల్లో వదిలితే, ఒకచోట పైవరసలోనూ మరోచోట కిందివరసలోనూ నిలబడింది. పెత్తనం కోడి ఒంట్లో పుట్టేది మాత్రమే కాదు, చుట్టూ ఎవరున్నారన్నదాన్ని బట్టి కూడా తేలేదన్నమాట.

ఈలోగా కోళ్ల వ్యాపారం దగ్గరిదారులు వెతుక్కుంది. 1903లోనే టెన్నెసీకి చెందిన ఆండ్రూ జాక్సన్ కోళ్లకు కళ్లజోడు పేటెంటు తీసుకున్నాడు. పొడుపుల నుంచి కళ్లను కాపాడటం దాని ఉద్దేశం. తర్వాత ఎర్ర అద్దాలవి వచ్చాయి. నెత్తురు కనపడకపోతే దాని వెంటపడవని ఆశ. కొన్నింటిని ముక్కు రంధ్రాల్లోంచి సూది గుచ్చి బిగించేవారు. చివరికి నిలిచింది ముక్కు కొస కత్తిరించడం. మన లేయర్ ఫారాల వాళ్లు ‘డీబీకింగ్’ అనే పని అదే.

ఇక్కడ రెండు వేర్వేరు సంగతుల్ని కలగలపకూడదు. వరస కోసం తలమీద పొడిచే పొడుపు వేరు, ఇరుకులో పనిలేక పక్కదాని ఈకలు పీకే అలవాటు వేరు. కాలితో నేల గీకి గింజలు ఏరుకునే అవకాశం లేని చోట ఆ ముక్కు ఈకల మీదికి పోతుంది. నెత్తురు కనిపించిందా, మిగతావీ ఎగబడతాయి. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం మ్యూర్ 1990లలో ముక్కు కత్తిరించకుండానే దీనికి దారి వెతికాడు. ఒక్కో కోడి పెట్టే గుడ్లు లెక్కించడం మాని, ఒకే పంజరంలోని తోబుట్టువుల గుంపు మొత్తం రాబడిని చూసి మేలైన గుంపుల నుంచి పిల్లల్ని తీశాడు. కొన్ని తరాల్లోనే ఏడాది మరణాలు 68 శాతం నుంచి 8.8 శాతానికి పడిపోయాయి.

పెరటి కోళ్లకు ఇంత శాస్త్రం అవసరమా? అవసరమే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పిల్లల్ని తెచ్చి నాటుకోళ్లలో కలిపే ఇళ్లు చాలా ఉన్నాయి. పందెం కోళ్ల జాతి అసీల్ పక్కన ఉంటే తగువు మరింత ముదురుతుంది. కొత్తవాటిని ముందు కొన్ని వారాలు దూరంగా ఉంచండి, కొక్కెర తెగులు లాంటివి ఉంటే అప్పుడే బయటపడతాయి. ఆ తర్వాత వారం పది రోజులు వల అడ్డుపెట్టి ఒకదానికొకటి కనిపించేలా ఉంచండి. ఒంటరిగా కాకుండా రెండు మూడు కలిపి, పాతవాటికి దీటుగా ఎదిగాకే వదలండి. మేత, నీళ్లు రెండు మూడు చోట్ల పెట్టండి, దాక్కోవడానికి మూలలు ఉంచండి. మరీ రెచ్చిపోయే పెట్ట ఉంటే కొన్నాళ్లు దాన్నే గంప కింద కమ్మండి, తిరిగొచ్చేసరికి అదే కొత్తదవుతుంది. గాయపడ్డదాన్ని మాత్రం వెంటనే తీసేయండి.

నాలుగు పొడుపులకే కంగారుపడి మధ్యలో దూరకండి. నెత్తురు చిందనంతవరకూ వాటి లెక్క వాటిని తేల్చుకోనివ్వండి. చోటు, మేత, వ్యవధి ఇవ్వడమే మన పని.