లంఖణం నుంచి కొబ్బరినూనె దాకా

వత్సవాయి, జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ఊళ్లలో పాతకాలంలో జ్వరానికి మొదటి మందు లంఖణం. తిండి ఆపేసేవాళ్లు, తగ్గాక పథ్యం పెట్టేవాళ్లు. మామూలు రోజుల్లో తిండి జొన్నదే. సాగర్ ఎడమ కాలువ వచ్చాక వరన్నం పెరిగింది.

అలాంటి ప్రాంతంలో 2017-18లో అన్నమే మానేసి కొబ్బరినూనె తాగమన్న మాట మోగిపోయింది. విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణ సభల్లో, యూట్యూబ్‌లో చెప్పిన లెక్క ఇది: రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు. జనం దీన్ని ‘వీఆర్‌కే డైట్’ అన్నారు. బరువు, షుగర్ తగ్గాలని చేశారు. డాక్టర్లు టీవీ చర్చల్లో అభ్యంతరాలు చెప్పారు.

ఆ గొడవలో మరుగునపడిన సంగతి ఒకటుంది. ఈ తిండి పుట్టింది సన్నబడటానికి కాదు, మూర్ఛ తగ్గించడానికి. ఉపవాసం ఉన్నప్పుడు ఫిట్స్ తగ్గుతాయని 1911లో పారిస్ వైద్యులు గ్వెల్పా, మారీ రాశారు. అయితే పిల్లల్ని ఎన్నాళ్లని పస్తు పెడతారు? 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ దారి చూపాడు: కొవ్వు బాగా పెంచి, పిండిపదార్థం తగ్గిస్తే తింటూనే ఉపవాస ఫలితం వస్తుందని. వైల్డర్ అసలు షుగర్ వైద్యుడు. ఇన్సులిన్ బయటపడిందీ ఆ ఏడాదే. మూర్ఛ, షుగర్ ఈ తిండి చరిత్రలో మొదటి నుంచీ ఇలా పక్కపక్కనే నడిచాయి. తర్వాత అదే క్లినిక్‌లో పీటర్‌మన్ కొలతలు కట్టాడు: రోజుకు 10-15 గ్రాముల పిండిపదార్థం. ఒకటి రెండు ముద్దల అన్నంలోనే అది అయిపోతుంది!

1938లో ఫెనిటాయిన్ మాత్ర వచ్చింది. మాత్ర వేసుకోవడం తేలిక, కాబట్టి తూకం తిండి మూలపడింది. 1990లలో ఛార్లీ ఏబ్రహామ్స్ అనే పిల్లవాడికి మందులు పనిచేయక, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఈ డైట్‌తో ఫిట్స్ ఆగాయి. అతని తండ్రి సినిమా దర్శకుడు. ఆయన ద్వారా పాత వైద్యం మళ్లీ లోకానికి తెలిసింది.

ఇక ఈ తిండితో మెదడు ఎలా నడుస్తుందన్న సంగతి. మెదడుకు గ్లూకోజ్ తప్ప గతిలేదని ఒకప్పుడు నమ్మేవారు. 1967లో జార్జ్ కాహిల్ బృందం, దీర్ఘ ఉపవాసంలో మెదడు శక్తిలో చాలా భాగం కీటోన్ల నుంచే వస్తుందని తేల్చింది. కాలేయం కొవ్వును కరిగించి చేసేవే కీటోన్లు. గ్లూకోజ్ అయినా కీటోన్ అయినా వాటి నుంచి కణానికి చివరకు శక్తి అందేది ఏటీపీ అనే పదార్థం రూపంలోనే. దాన్ని 1929లో ఫిస్క్‌తో కలిసి గుర్తించినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కీటోన్లు ఇంధనంగా మండటంతో ఆగవు, వాపును రెచ్చగొట్టే కొన్ని సంకేతాలను కూడా అణుస్తాయని ఎలుకల్లో కనిపించింది.

మూర్ఛ విషయంలో సాక్ష్యం గట్టిది. 2013లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు మందులకు లొంగని 102 మంది పిల్లల మీద, ఈ తిండికే కొంచెం సడలించిన రూపమైన ‘మోడిఫైడ్ అట్కిన్స్’ డైట్‌ను పరీక్షించిన ఫలితాలు వెలువరించారు. డైట్ చేసినవాళ్లలో 52 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి, చేయనివాళ్లలో 11.5 శాతానికే.

తలకు దెబ్బ, అల్జీమర్స్ విషయంలో ఈ తిండికి సాక్ష్యం ఇంకా అంత దూరం రాలేదు. తలకు దెబ్బ తగిలిన లేత ఎలుకల్లో ఈ తిండితో గాయం చిన్నదైంది, పెద్ద ఎలుకల్లో కాలేదు. అల్జీమర్స్ మెదడు గ్లూకోజ్‌ను సరిగా వాడుకోలేకపోయినా కీటోన్లను తీసుకోగలదు. ఆశ అక్కడుంది, జబ్బు ఆగుతుందన్న రుజువు కాదు. వాట్సాప్‌లో మాత్రం రుజువైనట్టే తిరుగుతుంది.

ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా అన్నం మానితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. మూర్ఛ పిల్లలకైతే డైటీషియన్ గ్రాముల్లో తూచి రాస్తారు. కిడ్నీలో రాళ్లు, మలబద్ధకం, ఎదుగుదల మందగించడం చూస్తూ ఉంటారు. గుణం కనిపిస్తే సాధారణంగా రెండేళ్లు కొనసాగించి, ఆపైన నెలల తరబడి మెల్లగా మాన్పిస్తారు.